పై కాలువ ఏడు లంకెలు

ఆశ్వయుజ బహుళ ద్వాదశి. పోటు ఉదయం. తూర్పు గాలి.

నిన్న లాకు దగ్గర ఏడాది ఏరివేత అయిపోయింది. "పెట్టె తేలికపడిందమ్మా" అన్నారు లాకు కాసే బంగారయ్య గారు. పెట్టె బరువు పెట్టెదే, లోపలి పుటలు తుడిచేస్తే తేలికపడేదేముంది? లాకు మీద ఒంటరిగా కూర్చుని కూర్చుని ఆయనకు మాటలు అలాగే వస్తాయి. పాత నెట్టు పోయాక మిగిలిన పుటలన్నీ ఇప్పుడు మా పడవల్లోని పెట్టెల్లోనే తిరుగుతున్నాయి. వాటిలో చోటు తక్కువ. అందుకని జనం అతి తక్కువగా అడిగిన పుటల్ని ఏడాదికోసారి ఏరి తుడిచేస్తారు. పడవ దగ్గరికొచ్చి ఎవరైనా పుట అడిగితే అర్జీల పుస్తకంలో వాళ్ళ పేరు రాస్తాను. ఆ అర్జీలను బట్టే పుట ఉండటం, పోవటం.

మధ్యాహ్నం చింతలరేవులో ఆగాం. పై కాలువ నుంచి వచ్చిన ఏడు లంకెల్నీ పలక మీద సుద్దతో రాసి పడవకు వేలాడదీశాను. పై కాలువలో తిరిగే పడవ వైకుంఠరావు గారిది. పక్షానికోసారి ఆయన మా ఊళ్ళ కోసం ఏడు పుటలు ఏరి, ఒక్కోదాని కింద ఒక్కో మాట రాసి లాకు యంత్రంలో పెడతారు. ఆయన ఏడింటి మూటను నా పెట్టెలోకి పోయించుకుని, నేను వాళ్ళ ఊళ్ళ కోసం ఏడు పెడతాను. లాకు దగ్గర పడవ కట్టుకోవడానికి, బ్యాటరీ నింపుకోవడానికి ఒక్కటే చోటు. అందుకని ఏకాదశికి నేను వెళ్తాను, త్రయోదశికి ఆయన వస్తారు. ఆరేళ్ళుగా ఇదే వరస. మనిషిని ఒక్కసారి కూడా చూడలేదు.

"ఏం పంపేడే మీ వైకుంఠరావు?" అంది రేవులో గిన్నెలు తోముకుంటున్న ఒకావిడ.

"మీ ఏమిటి, మా ఏమిటి? లంకెలు అందరివీను" అన్నాను.

"అబ్బో, ఉక్రోషం సూడు! సదువు ముందు."

చదివాను. ఒకాయన తన ఇంట్లో సీలింగ్ ఫ్యాను చప్పుడు మూడేళ్ళపాటు రికార్డు చేసి పెట్టుకున్నాడు. ఎండాకాలం చప్పుడు వేరు, వానాకాలం చప్పుడు వేరు. కరెంటు పోయినప్పటి నిశ్శబ్దాన్ని కూడా కొయ్యకుండా ఉంచేశాడు. దాని కింద వైకుంఠరావు గారి మాట: "పదమూడో నిమిషంలో ఎవరో తలుపు తీసి, ఏమీ అనకుండా మళ్ళీ వేసేస్తారు." ఇంకొకటి, రైళ్ళలో గొడుగులు పోగొట్టుకున్నవాళ్ళు రాసుకున్న పట్టిక. గొడుగు రంగు, పిడి ఎలా ఉండేది, ఏ స్టేషన్లో దిగిపోయారు, అన్నీ ఉన్నాయి. కింద ఆయన: "నలభై మూడో గొడుగు దొరికిందట. మిగతావాళ్ళు వాన పడినప్పుడల్లా అనుకుంటూనే ఉంటారు." మూడోది గోడ గడియారంలో దూరిన బల్లిని బయటికి రప్పించడం ఎలా అన్నది. యాభై మంది సలహాలు చెప్పారు. అడిగిన పెద్దమనిషి మాత్రం చివరికి బల్లి ఏమైందో చెప్పలేదు.

బల్లి దగ్గర రేవంతా నవ్వింది. ఫ్యాను పెట్టినప్పుడు, పదమూడో నిమిషం వచ్చేసరికి అందరూ గిన్నెలు తోమడం ఆపేశారు.

పుట కింద రాసే మాట పుట గురించే ఉండాలని నిబంధన. సొంత ఊసులు పనికిరావు. ఆయన ఏనాడూ అది దాటలేదు, నేనూ దాటలేదు. కానీ గొడుగుల పట్టిక ఎవరి కోసం ఏరారో నాకు తెలీదా? కిందటిసారి నేను పంపింది వానకు తడిసిన ఉత్తరాల్ని ఆరబెట్టే పద్ధతి. దానికిది జవాబు. ఆరేళ్ళుగా ఇలాగే మాట్లాడుకుంటున్నాం.

అసలు సంగతి రాయకుండా చుట్టూ తిరుగుతున్నాను. పై కాలువ ఊళ్ళకు కొత్త నెట్టు తీగ వచ్చేసిందని నిన్న బంగారయ్య గారు చెప్పారు. కార్తీకం నుంచి అక్కడివాళ్ళకు పడవతో పని లేదు. మా ఉప్పు కాలువ వైపు తీగ రాదు, వేసినా ఉప్పు తినేస్తుంది. కాబట్టి నేను ఉన్న పుటలతోనే తిరుగుతుంటాను. ఆయన పడవ ఆగిపోతుంది. లాకు యంత్రాన్ని కూడా ఎత్తేస్తారు. ఆయన్ని ఎక్కడికి పంపుతారో ఎవరికీ తెలీదు.

అందుకే నిన్న నా ఏడింటిలో చివరిది మార్చేశాను. ఎప్పుడో ఆగిపోయిన ఒక పల్లె బస్సు వేళల పుట పెట్టి, కింద ఇలా రాశాను: "ఈ బస్సు ఆగిపోయాక డ్రైవరు ఎక్కడుంటున్నాడో ఈ పుటలో లేదు. తెలిసినవారు చెప్పగలరు." రాసి లాకు మెట్లు దిగేసరికి నా చెవులు మండిపోయాయి. నలభై అయిదేళ్ళదాన్ని, సిగ్గు లేకపోతే సరి.

ఆశ్వయుజ అమావాస్య. పోటు పెద్దది. రేవు రెండు మెట్లు మునిగింది.

పెట్టె తీగల కొసలకు ఉప్పు పట్టింది. పాత పళ్ళ బ్రష్షుతో తోముతూ పొద్దంతా కూర్చున్నాను. ఇంజను చూసుకునే యేసుపాదం బాబాయి దీపావళికి కూతురి ఇంటికి వెళ్తానని వెళ్ళి, రెండు గంటల్లో తిరిగొచ్చేశాడు. అల్లుడితో పడలేదట. ఏం జరిగిందంటే చెప్పడు.

మొన్ననే త్రయోదశి అయిపోయింది. అంటే ఆయన లాకుకు వచ్చే ఉంటారు. నా బస్సు పుట చదివే ఉంటారు. జవాబు రాసి పెట్టే ఉంటారు. లేక చదివి, ఇదేమి తలతిక్క మనిషి అనుకుని వెళ్ళిపోయి ఉంటారు. ఏకాదశికి ఇంకా పదకొండు రోజులు. ఇన్నాళ్ళూ పక్షం అంటే పక్షమే. ఈసారి మాత్రం ఒక్కో రోజూ గట్టు మీద తాడేసి పడవను లాగినట్టుంది.

అర్జీల పుస్తకం ముందేసుకున్నాను. ఇక్కడ ఒక సంగతి రాయాలి. ఈ దినచర్య పుస్తకం బాబాయి చదవడు, పై అధికారులు ఎవరూ అడగరు, కాబట్టి రాసేస్తాను.

పడవ మనిషి అర్జీ చెల్లదు. చెల్లితే మేం మాకు నచ్చిన పుటల్నే దాచుకుంటామని ముందే కట్టడి చేశారు. పుట పోతే దాని కింద రాసిన మాట కూడా పోతుంది. వైకుంఠరావు గారు పంపినవి ఏడాదికి నూట అరవై ఎనిమిది, ఆరేళ్ళకూ కలిపి వెయ్యికి పైనే. వాటిలో సగానికి సగం ఇక్కడ ఎవరూ రెండోసారి అడగరు. అందుకని నేనే ఊరివాళ్ళ పేర్లతో అర్జీలు రాస్తాను. ఒక్కోదానికి ఏడాదికి రెండేసి. అనుమానం రాకుండా ఊరూరా పేర్లు మారుస్తాను. చింతలరేవు బుల్లబ్బాయి గారికి అక్షరం ముక్క రాదు. ఆయన పేరున ఉల్లిపాయలు కన్నీళ్ళు రాకుండా కోసే పన్నెండు పద్ధతులు ఉన్నాయి. కరణం గారి పెద్దమ్మాయి పేరున గడియారంలో బల్లిని వేశాను.

ఆ మాటల్ని కాగితం మీద రాసుకోవచ్చుగా అంటే, రాసుకున్నాను. కానీ ఫ్యాను చప్పుడు లేకుండా పదమూడో నిమిషాన్ని ఏం చేసుకోను? ఎవరికీ నష్టం లేని పని. పుటలేం అన్నం అడగవు కదా.

కార్తీక శుద్ధ చవితి. నాగులచవితి. ఉప్పుదిబ్బ రేవు.

వెంకాయమ్మ మామ్మ వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ఏడాదికి ఈ ఒక్కరోజే వస్తుంది. ఒక్క పుటే అడుగుతుంది.

మామ్మా, ఆమె తోడికోడలు సింహాద్రమ్మా కలిసి ఒకప్పుడు పాత రేవు వీధిలో అట్ల బండి నడిపేవారట. ఇప్పుడా వీధి సముద్రంలో ఉంది. వాళ్ళిద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. అయినా ముప్ఫై ఏళ్ళు ఒకే పెనం మీద అట్లు పోశారు. నాగులచవితికి వాళ్ళ ఇంట్లో పొయ్యి మీద పెనం పెట్టరు. బండికి ఏడాది మొత్తానికి అదొక్కటే సెలవు. అందుకే ఆ రోజే మామ్మకు తీరిక, ఇప్పటికీ.

ఆ పుట ఎవరో పొరుగూరి కుర్రాడిది. ఊళ్ళు తిరుగుతూ తిన్నవన్నీ రాసుకునేవాడట. పాత రేవు అట్టు బాగుందనీ, చట్నీలో ఉప్పెక్కువనీ రాసి, విస్తరాకులో అట్టు ఫోటో పెట్టాడు. ఫోటోలో అట్టు వెనకాల సింహాద్రమ్మ ఉంది. చేతిలో గరిటె, నోరు బాగా తెరిచి, పక్కకు తిరిగి ఎవరినో తిడుతోంది. ఆ పక్కన ఉన్నది మామ్మే. ఫోటోలో పడలేదు. తుపానుకు అన్నీ పోయాక, చనిపోయిన సింహాద్రమ్మకు ఈ లోకంలో మిగిలిన బొమ్మ అదొక్కటే.

"పెట్టవే మాణిక్యం, మా సింహాద్రి సేత ఓ మాటు తిట్టించుకుని పోతాను" అంది మామ్మ, పడవ అంచున చతికిలబడుతూ.

పేరు కొట్టాను. లేదు. వేరేలా కొట్టాను. లేదు. ఊరి పేరుతో, అట్టు పేరుతో, చట్నీ పేరుతో కూడా వెతికాను. ఏరివేతలో పోయింది.

"ఏమయ్యిందే?"

"పెట్టె కాస్త మొరాయిస్తోంది మామ్మా."

"మొరాయించనియ్. నాకేం తొందర? ఇంటి కాడ పెనం కూడా లేదు ఇయ్యాల."

మూడు గంటలు కూర్చుంది. నేను పెట్టె తెరవడం, మూయడం, తుడవడం, ఊదడం. చివరికి లేచి కొంగు దులుపుకుని, "పోన్లేవే, బాగుపడ్డాక కబురెట్టు. ఒక్కదాన్నే కదా, ఎప్పుడైనా వత్తాను" అని మెల్లగా గట్టెక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే నా ముఖంలోనే తెలిసిపోయేది.

కార్తీక శుద్ధ పంచమి.

తిండి సయించలేదు. పొద్దున్నే లెక్క వేసి చూశాను. నిరుటి వరకు ఏడాదిలో ఒక్క అర్జీ కూడా లేని పుటలే పోయేవి. ఒక్కటి ఉంటే నిలబడేది. మామ్మది ఎప్పుడూ ఒక్కటే అర్జీ, అయినా ఇన్నేళ్ళూ నిలిచింది. ఈసారి ఒక్క అర్జీ ఉన్నవి కూడా పోయాయి. ఎందుకంటే రెండేసి అర్జీలున్నవి మరీ ఎక్కువైపోయాయి కాబట్టి. ఆ రెండేసి ఎవరు రాశారో రాయనక్కర్లేదు.

నేనే తుడిచేశాను ఆమెను. నా చేత్తో, బుల్లబ్బాయి గారి పేరు పెట్టి.

బాబాయికి మొత్తం చెప్పేశాను. ఆయన ఇంజను మీద నూనె గుడ్డ పక్కన పెట్టాడు.

"ఎయ్యి పుటలా?"

"వెయ్యి పైన."

"ఏం పిల్లవమ్మా నువ్వు! ఒక ఉత్తరం ముక్క రాసి ఆ బంగారయ్య సేతికిస్తే అయిపోయేదానికి."

"ఏమని రాయను బాబాయ్?"

ఆయన మళ్ళీ గుడ్డ అందుకున్నాడు. తుడుస్తూ అన్నాడు, "తుడిసేరంటే పేరు కొట్టేసేరనే అర్థం. రాత లోపల అలాగే ఉంటాది, దాని మీద కొత్తది రాసేదాకా. బంగారయ్యకి తెలుసు ఆ పని. ఆయన్ని అడుగుదాం, ఏడవకు."

నేను ఏడవలేదు. కళ్ళలో ఉప్పుగాలి పడింది అన్నాను. ఆయన నమ్మినట్టే ఊరుకున్నాడు.

కార్తీక శుద్ధ ఏకాదశి. లాకు.

ఇది వరసగా రాయాలి, లేకపోతే రేపు నేనే నమ్మను.

తెల్లవారేసరికి చేరాం. బంగారయ్య గారికి జరిగింది చెప్పాను. ఆయన తిట్టలేదు, నవ్వనూ లేదు. పెట్టె మూత తీసి ఏదో గొట్టం తగిలించి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు.

"ఉంటాదమ్మా, పుట లోపలే ఉంటాది. ఏరివేత తరవాత ఇందులో ఏమీ పొయ్యలేదు కదా?"

"లేదండి. కిందటి ఏడూ ఏరివేతకు ముందే పోయించుకున్నాను."

"అయితే తీయొచ్చు. నాలుగు రోజులు పడద్ది. కానీ ఇందులో కొత్తది ఒక్క ముక్క కూడా పడకూడదు. యంత్రం ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ రాసేత్తాది, అది మన మాట ఇనదు."

"పై కాలువ ఏడు?"

"అదే కదమ్మా సంగతి." ఆయన గొట్టం తీసి పక్కన పెట్టారు. "రేపు ద్వాదశికి యంత్రం ఎత్తుకుపోతారు. ఇయ్యాల పోసుకుంటే పోసుకున్నట్టు. లేపోతే లేదు."

వేరే పెట్టె లేదా అని అడిగాను. ఉన్న ఒక్క ఖాళీ పెట్టే వేసవిలో ఉప్పుకు పోయింది. యంత్రంలోనే చదవొచ్చా అన్నాను. దానికి తెర లేదు, ఎప్పుడూ లేదు. ఒక్క చివరి మాట మాత్రం పోసుకోవచ్చా అన్నాను. ఏడూ ఒకే మూట అన్నారు. యేసుపాదం బాబాయి గట్టు మీద నిలబడి కాలువ వంక చూస్తున్నాడు.

అప్పుడు బంగారయ్య గారు నెమ్మదిగా, "అయినా నీ అర్జీలతోనే ఇంత అవ్వదమ్మా. రెండు కాలువల అర్జీలూ కలిపే ఏరతారు. నీ కింది కాలువవే ఉంటే పెట్టె సరిపెట్టుకునేది" అంటూ, లాకులో అప్పగించేసిన పై కాలువ అర్జీల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. తెరిచాను. ఎక్కడ చూసినా ఒక్కటే పేరు. పులపకూర సత్యం, గట్టుపాలెం. పులపకూర సత్యం, గట్టుపాలెం. పేజీల తరబడి. ఏడాదికి రెండేసి, ప్రతి పుటకూ.

"ఎవరండీ ఈయన? పనీ పాటా లేదా?"

"సత్యం గారా? ఆయన పోయి ఎనిమిదేళ్ళయ్యిందమ్మా."

ఆ పేరు ఎదురుగా ఉన్న పుటలు చూశాను. తడిసిన ఉత్తరాలు ఆరబెట్టే పద్ధతి. ఒకే ఊరిలో ఇరవై రెండు టీ కొట్ల వడపోత గుడ్డల ఫోటోలు. కొబ్బరాకుతో ఈల చేసే పాతిక రకాలు. దారి తప్పిన పావురాలు ఎవరి డాబా మీద దిగాయో రాసిన చిట్టా. అన్నీ నావే. ఆరేళ్ళలో నేను పంపిన ప్రతి ఒక్కటీ, మొదటి పక్షం నాడు భయపడుతూ పంపిన అప్పడాల పుటతో సహా.

నవ్వొచ్చింది ముందు. నేను ఊరూరా పేర్లు మార్చి, చేతిరాత కూడా మార్చి, ఎంత తంటాలు పడ్డాను! వైకుంఠరావు గారేమో చచ్చిపోయిన ఒక్క మనిషి చేత వెయ్యి పుటలు అడిగించారు. ఇంత అమాయకుడు ఎక్కడైనా ఉంటాడా? నవ్వుతూనే మెట్ల మీద కూర్చుండిపోయాను. అలా కూర్చున్నాక ఇక నవ్వు కాలేదు అది. ఆరేళ్ళు నేనొక్కదాన్నే అనుకున్నాను. నేనొక్కదాన్నే కాదు.

"ఆయన మీతో ఏమైనా అన్నారా బంగారయ్య గారూ? మొన్న త్రయోదశి నాడు?"

"ఆయన నాతో ఏం అంటాడమ్మా! వత్తాడు, నమస్కారం ఎడతాడు, పోతాడు. మొన్న మాత్రం నీ మూట చదివేక ఎల్లలేదు. నువ్వు కూర్చున్నావే, ఆ మెట్ల మీదే కూర్చుని రెండు గంటలు రాసేడు. రాయడం, కొట్టెయ్యడం. ఒక్క మాటకి రెండు గంటలు. అన్నం కూడా తిన్లేదు."

రెండు గంటలు. అది అక్కడే ఉంది, నా చేతికి జానెడు దూరంలో, ఆ బూడిదరంగు యంత్రంలో. పోయించుకుంటే అరక్షణం పని. వెంకాయమ్మ మామ్మకు ఏం చెప్పినా నమ్ముతుంది. పెట్టె పాడైంది, పుట పోయింది అంటే, పోన్లేవే అని వెళ్ళిపోతుంది. నన్ను ఎవరూ అడగరు. ఈ మాట ఇక్కడ దాచకుండా రాస్తున్నాను: నాకు పోయించుకోవాలనే ఉంది. ఇప్పుడు కూడా ఉంది.

కానీ ఆయనా నేనూ కలిసి ఒక మనిషిని తుడిచేశాం. తెలియక చేశాం. ఇప్పుడు తెలిసి ఆయన మాటను ఆమె మీద రాయించుకుంటే, ఆ మాట చదివిన ప్రతిసారీ దాని కింద సింహాద్రమ్మ ఉంటుంది.

"పొయ్యమంటావా, వద్దంటావా?" అన్నారు బంగారయ్య గారు.

"వద్దండి. మామ్మ పుట తియ్యండి."

ఆయన తలూపి పెట్టె లోపలికి తీసుకెళ్ళారు. బాబాయి వచ్చి పక్కన కూర్చున్నాడు. వైకుంఠరావు గారూ, మీరు ఏం రాశారో నాకు కావాలి. ఇంకేమీ అక్కర్లేదు, అదొక్కటే కావాలి.

కార్తీక పౌర్ణమి. లాకు దగ్గరే ఉన్నాం.

ద్వాదశి నాడు ఇద్దరు మనుషులొచ్చి యంత్రాన్ని బండికెక్కించుకుని పోయారు. అది పెట్టిన చోట గచ్చు మీద నాలుగు తుప్పు మరకలు మిగిలాయి. అందులో ఉన్నదంతా తుడిచేసి వేరే చోట వాడతారట. నేను పడవలోంచి బయటికి రాలేదు.

ఇవాళ మధ్యాహ్నం మామ్మ పుట వచ్చింది. కుర్రాడు రాసింది సగమే దక్కింది, చట్నీ దగ్గర తెగిపోయింది. ఫోటో మొత్తం వచ్చింది. సింహాద్రమ్మ గరిటె పట్టుకుని, నోరు తెరిచి, ఎప్పటిలాగే ఉంది. బంగారయ్య గారు వంగి చూసి, "అమ్మో, ఈవిడ సేత తిట్లు తిన్నోళ్ళు బతికి బట్టకట్టేరా?" అన్నారు.

కార్తీక బహుళ పాడ్యమి. ఉప్పుదిబ్బ.

మామ్మకు కబురు పెట్టకుండా నేనే ఇంటికి వెళ్ళి తీసుకొచ్చాను. పుట చూపించే ముందే నిజం చెప్పేశాను. పెట్టె మొరాయించలేదనీ, నా దొంగ అర్జీల వల్లే పుట పోయిందనీ. మామ్మ ముఖం ఎర్రబడింది.

"నా సింహాద్రిని తుడిసేసేవా? ఎవడో ఊసులాడతన్నాడని?"

"అవును మామ్మా."

"సిగ్గు లేదటే నీకు?"

"లేదు."

ఇంకా తిట్టింది. తిట్టినంతసేపూ నిలబడ్డాను. తర్వాత ఫోటో తెర మీదకు వచ్చింది, మామ్మ తిట్టు సగంలో ఆపేసింది. ఒంగి, కళ్ళు చికిలించి, వేలితో తెర మీద ఆ నోటి దగ్గర తాకింది. "ఒసే, ఒసే" అని మాత్రం అంది. చాలాసేపు అలాగే చూసింది. కన్నీళ్ళు తుడుచుకోలేదు, దాచుకోలేదు.

గట్టెక్కబోతూ ఆగి, వెనక్కి వచ్చింది.

"ఇది బయటికి తియ్యడానికి నువ్వేదో వదిలేసుకున్నావంట. యేసుపాదం సెప్పేడు."

బాబాయి నోట్లో ఆవగింజ నానదు. "ఏదో ఒక మాట. పర్లేదు మామ్మా."

"ఏం రాసుంటాడు?"

"నాకెలా తెలుస్తుంది?"

"ఏం రాసుంటాడని నీ మనసుకుంది?"

చెప్పకూడదనుకున్నాను. కానీ ఇన్ని తిట్లు తిన్నాక ఆ ముసలిదాని ముందు దాచడానికి ఇంకేముంది? "ఎక్కడుంటాడో రాసి, రమ్మని రాసుంటాడని ఉంది" అన్నాను.

మామ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"ఇన్నేళ్ళుగా దీని నోరు సూత్తన్నానే. ఆ రోజు ఏమని తిట్టిందో గుర్తు రాదు. ఎంత సూసినా రాదు. అడుగుదామంటే మనిషి లేదు." కర్ర నేలకు తాటించింది. "నీ మనిషి ఉన్నాడు కదటే! సదివితే గానీ కదలవా? కాళ్ళు లేవా నీకు?"

ఆమె వెళ్ళిపోయాక బాబాయి ఇంజను మీది గుడ్డ తీసి, నా వైపు చూడకుండానే అన్నాడు, "ఈ పక్షం పలక నేను రాత్తాలే. నా రాత అంత బాగోదు. జనాలే సర్దుకుంటారు."

కార్తీక బహుళ చవితి. పై కాలువ గట్టు.

మూడు రోజులుగా నడుస్తున్నాను. గట్టు పొడుగునా కొత్త స్తంభాలు, నల్ల తీగ. రేవుల్లో గిన్నెలు తోముకునేవాళ్ళు తప్ప ఎవరూ లేరు. అందరూ ఇళ్ళల్లో కొత్త తెరల ముందు ఉన్నారట. అడిగినవాళ్ళంతా ఒకటే చెప్పారు, పడవాయన ఇంకా పైకి వెళ్ళాడని. ఒకాయన మాత్రం, "పడవని విప్పేత్తన్నారండి ఆయ్, రెండ్రోజుల్లో చెక్కలు కూడా మిగలవు" అన్నాడు. ఆ తర్వాత ఇక ఎక్కడా కూర్చోలేదు.

మధ్యాహ్నం దాటాక మలుపులో కనబడింది. ఒడ్డుకు లాగిన పడవ, పై కప్పు సగం పీకేసి ఉంది. లోపల ఎవరో మేకులు తీస్తున్నారు. సుత్తి చప్పుడు తప్ప మనిషి కనిపించడం లేదు. పక్కనే ఒకావిడ వడియాలు ఎండబెట్టుకుంటోంది. నా దుమ్ము కాళ్ళు చూసి లేచింది.

"ఎవరు కావాలమ్మా?"

ఎన్ని మాటలు తయారుచేసుకున్నాను దారి పొడుగునా! ఒక్కటీ గుర్తు రాలేదు.

"వైకుంఠరావు గారండి."

ఆవిడ పడవ వైపు తిరిగి గొంతెత్తింది. "ఓ పడవాయన గారూ, మీకోసం ఎవరో వచ్చేరు!" మళ్ళీ నా వైపు చూసి, "ఎవరని సెప్పమంటారు?" అంది.

"కింది కాలువ మాణిక్యం అని చెప్పండి."

ఆవిడ ఇంకా చెప్పనే లేదు. పడవలో సుత్తి చప్పుడు ఆగిపోయింది.